నిల్వ ధాన్యంలో బూజును తొలిదశలో పట్టుకోవడం: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

నిల్వ ఉంచిన ధాన్యానికి బూజు పట్టిన సంగతి కంటికి కనబడేనాటికి మొలకశక్తి పోయి, గింజ రంగు మారి, కొన్ని సందర్భాల్లో విషపదార్థాలు కూడా చేరి ఉంటాయి. అంతకన్నా ముందే తెలుసుకోవాలనుకునేవారికి ఇవాళ చాలా దారులున్నాయి: తేమ మీటర్, గింజల మధ్య గాలిలోని ఆర్ద్రతను (తేమను) కొలిచే హైగ్రోమీటర్, కార్బన్ డయాక్సైడ్ సెన్సర్, రాశిలోకి దించే ఉష్ణోగ్రత తీగలు, అతినీలలోహిత దీపం, ప్రయోగశాలలో బూజును పెంచి చూసే పరీక్ష, విషాన్ని కొలిచే స్ట్రిప్‌లు. వీటిలో ఏది మేలో తేల్చుకోవడం కష్టం కావడానికి ముఖ్య కారణం, ఇవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులనుకోవడమే. కొన్ని బూజు పట్టే అవకాశం ఉందా అన్నది చెబుతాయి, కొన్ని పట్టడం మొదలైందా అన్నది చెబుతాయి, మరికొన్ని ఆ ధాన్యం తినడానికి పనికొస్తుందా అన్నది చెబుతాయి. మూడో ప్రశ్నకు ఉద్దేశించిన సాధనాన్ని కొని మొదటి ప్రశ్నకు వాడుకోబోతే డబ్బూ పోతుంది, ధాన్యమూ పోతుంది.

బూజు ఏ వరుసలో పెరుగుతుంది

ఎంపికకు ముందు ఈ వరుస తెలియాలి. గింజల సందుల్లోని గాలి ఆర్ద్రత 65 శాతం లోపు ఉన్నంతకాలం నిల్వ బూజులు దాదాపుగా పెరగలేవు. అది 70 దాటాక ఆస్పర్జిల్లస్ అనే బూజు ప్రజాతిలో పొడి పరిస్థితులను తట్టుకునే రకాలు నెమ్మదిగా మొదలవుతాయి. ఇవి విషం పరంగా అంత ప్రమాదకరమైనవి కాకపోయినా, గింజలోని పిండిపదార్థాన్ని తిని నీటిని విడుదల చేస్తాయి కాబట్టి తరువాత వచ్చే రకాలకు దారి వేసేవి ఇవే. ఆర్ద్రత 80 నుంచి 85 శాతానికి చేరేసరికి ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ వంటివి ఊపందుకుంటాయి, ఆఫ్లాటాక్సిన్ అనే విషం తయారయ్యే పరిస్థితి ఏర్పడుతుంది.

ఈ పెరుగుదల తనను తానే ఎలా ఎగదోసుకుంటుందో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. శ్వాసక్రియలో ఒక కిలో పిండిపదార్థం ఖర్చయితే సుమారు 1.47 కిలోల కార్బన్ డయాక్సైడు, 0.6 కిలోల నీరు, 15,700 కిలోజౌళ్ల వేడి వెలువడతాయి. ఆ నీరు చుట్టుపక్కల గింజలను తడుపుతుంది, ఆ వేడి బూజుకు మరింత అనుకూలిస్తుంది. అందువల్ల ఒక మూల మొదలైనది పక్క గింజలకు పాకుతూ పోతుంది. కొలవదగిన సంకేతాలు కూడా సాధారణంగా ఇదే వరుసలో వస్తాయి: ముందు ఆర్ద్రత, తరువాత వాయువు, ఆపైన వేడి, ఆపైన వాసన, చివరికి రంగు. విషానికి మాత్రం ఈ వరుసలో ఖాయమైన చోటు లేదు. మొక్కజొన్న, వేరుశనగ వంటి పంటల్లో, ముఖ్యంగా కరువు ఒత్తిడికి గురైన చేలల్లో, అది పొలంలోనే గింజకు చేరి నిల్వలోకి రావచ్చు.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రమాణం, ఆ సాధనం చెప్పే సమయానికి మనం చేయగలిగింది ఏమైనా మిగిలి ఉందా అన్నది. ఆర్ద్రత ఎక్కువని తెలిస్తే ఆరబెట్టవచ్చు. విషం ఉందని తెలిసేనాటికి చేతిలో మిగిలే మార్గాలు చాలా తక్కువ. రెండో ప్రమాణం, అది రాశిలో ఎంత మేర చూడగలదన్నది. బూజు సమానంగా పరుచుకోదు. పైకప్పు కారిన చోట, గోడకు ఆనుకున్న చోట, నూకా దుమ్మూ పేరుకున్న నడిమధ్యన గూడు కడుతుంది. పిడికెడు గింజలను కొలిచే సాధనం ఎంత కచ్చితమైనదైనా ఆ పిడికిలి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. మూడోది, తప్పుడు భరోసా ఇచ్చే ప్రమాదం. అనవసరంగా హెచ్చరించే సాధనంతో కొంత శ్రమే వృథా అవుతుంది, బాగున్నదని అబద్ధం చెప్పే సాధనంతో మొత్తం నిల్వే పోవచ్చు. వీటి తరువాతే ఖర్చు, వాడకంలో సులువు, ఎన్నిసార్లు కొలవాల్సి వస్తుందన్న విషయాలు.

| పద్ధతి | ఏ ప్రశ్నకు జవాబు | ఎంత ముందుగా | ఎంత మేర చూస్తుంది | ప్రధాన లోపం |
|---|---|---|---|---|
| తేమ మీటర్ | బూజు పట్టే అవకాశం ఉందా | మొదలవకముందే | తీసిన నమూనా వరకే | సగటు వెనుక తడి మూలలు దాగుతాయి |
| హైగ్రోమీటర్ | బూజు పట్టే అవకాశం ఉందా | మొదలవకముందే | నమూనా లేదా సెన్సర్ చుట్టుపక్కల | కొలిచే ముందు కొంత సేపు ఆగాలి |
| కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ | ఏదైనా పెరుగుతోందా | మొదలైన కొద్ది రోజుల్లో | మొత్తం రాశి | ఎక్కడన్నది చెప్పదు, పురుగునూ బూజునూ వేరు చేయదు |
| ఉష్ణోగ్రత తీగ | ఎక్కడ వేడెక్కుతోంది | ఆలస్యంగా | తీగకు దగ్గరి గింజలు | కొంచెం దూరాన ఉన్న వేడిని పట్టలేదు |
| వాసన, చూపు | బూజు పట్టిందా | చాలా ఆలస్యంగా | పైపొర, నమూనా | ఆరోగ్యానికి హాని |
| అతినీలలోహిత దీపం | ఒక రకం బూజు తాకి ఉండవచ్చా | అనిశ్చితం | పగిలిన గింజలు | రెండు వైపులా తప్పుతుంది |
| బూజు పెంపకం | ఏ రకం, ఎన్ని గింజల్లో | తొలిదశలోనే, కానీ ఫలితానికి వారం | నమూనా వరకే | నిపుణులు కావాలి |
| విష పరీక్ష | తినవచ్చా, అమ్మవచ్చా | నివారణకు పనికిరాదు | నమూనా వరకే | నమూనా సరిగా లేకపోతే ఫలితం తప్పు |

తేమ మీటరా, హైగ్రోమీటరా?

చాలామంది మొదట కొనేది తేమ మీటర్. గింజ గుండా విద్యుత్తు ఎలా ప్రవర్తిస్తుందో చూసి తేమ శాతాన్ని అంచనా వేస్తుంది, నిమిషంలో ఫలితం ఇస్తుంది. అయితే ఒక్కో ధాన్యానికి వేర్వేరు సవరణ అవసరం, మంచి మీటర్లలో కూడా అర శాతం అటూఇటూ తేడా ఉండటం మామూలే. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సిన సందర్భం ఆరబెట్టిన వెంటనే కొలవడం. యంత్రంలో వేడిగాలితో ఆరబెట్టిన గింజ పైపొర పొడిగా, లోపలి భాగం తడిగా ఉంటుంది కాబట్టి మీటర్ అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. ఆ నమూనాను మూత బిగించిన డబ్బాలో ఒక రోజు ఉంచి, చల్లారాక మళ్లీ కొలిస్తే నిజమైన అంకె తెలుస్తుంది. కచ్చితత్వమే కావాలంటే ఓవెన్ పద్ధతి ఉండనే ఉంది. చాలా తృణధాన్యాలకు పిండిచేసిన నమూనాను 130 డిగ్రీల సెల్సియస్ వద్ద 2 గంటలు, మొక్కజొన్నకైతే గింజ పళంగా 103 డిగ్రీల వద్ద 72 గంటలు ఆరబెట్టి తగ్గిన బరువును లెక్కిస్తారు. రోజువారీ కాపలాకు ఇది కుదిరేది కాదు కానీ మీటర్ నిజం చెబుతోందో లేదో సరిచూసుకోవడానికి అవసరం.

నా మటుకు నేను చిన్న నిల్వలకు హైగ్రోమీటర్‌కే మొదటి స్థానం ఇస్తాను. కారణం సూటిగా ఉంది. బూజు స్పందించేది గింజలోని తేమ శాతానికి కాదు, గింజ చుట్టూ ఉన్న గాలి ఆర్ద్రతకు. గాలి ఆర్ద్రత 70 శాతం వద్ద నిలిచినప్పుడు గోధుమ, వరి, మొక్కజొన్నల్లో తేమ సుమారు 14 శాతం ఉంటుంది, సోయాచిక్కుడులో 12 దగ్గర ఉంటుంది, నూనె ఎక్కువగా ఉండే వేరుశనగ పప్పులో 7 దగ్గరే ఉంటుంది. తేమ మీటర్ వాడేవారు ఈ హద్దులన్నీ గుర్తుపెట్టుకోవాలి. హైగ్రోమీటర్ వాడేవారికి అన్ని ధాన్యాలకూ ఒకటే హద్దు: 65 లోపు నిశ్చింత, 70 దాటితే ఆరబెట్టాలి. మందపాటి ప్లాస్టిక్ సంచిలో సగానికి పైగా గింజలు పోసి, చిన్న డిజిటల్ హైగ్రోమీటర్‌ను వాటి మధ్య పెట్టి, లోపలి గాలిని వీలైనంత నొక్కేసి మూతి బిగించి, నీడలో ఉంచితే అంకె కదలకుండా నిలిచేసరికి అరగంట దాకా పట్టవచ్చు. ఎండ తగిలే చోట పెడితే సంచి వేడెక్కి అంకె తప్పుతుంది.

ఇదే సూత్రంతో పనిచేసే ఉప్పు పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. పొడిగా ఉన్న గాజు సీసాలో మూడోవంతు గింజలు, వాటిపై రెండు మూడు చెంచాల ఎండిన ఉప్పు వేసి, మూత పెట్టి ఒక నిమిషం బాగా కుదిపి, పావుగంట కదపకుండా ఉంచాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే తృణధాన్యాల్లో తేమ 15 శాతం దాటినట్టు. గాలి ఆర్ద్రత సుమారు 75 శాతం దాటినప్పుడే ఉప్పు నీరుపట్టడం దీనికి కారణం. ఈ పరీక్ష హద్దు కూడా ఇక్కడే తేలిపోతుంది: 70కీ 75కీ మధ్య ఉన్న ధాన్యం దగ్గర ఉప్పు పొడిగానే జారుతుంది, నెమ్మదిగా పెరిగే బూజులకు మాత్రం ఆ స్థితి చాలు. ఉప్పు అంటుకుంటే నిల్వ చేయకూడదన్నది ఖాయం. అంటుకోకపోతే నెలల తరబడి నిల్వకు భద్రమని చెప్పలేము.

కార్బన్ డయాక్సైడ్ సెన్సర్

పెద్ద సైలోలు (ధాన్యాన్ని విడిగా నింపి ఉంచే ఎత్తైన గాదెలు), రాశులు ఉన్నవారికి ఇది చేసే మేలు మరే సాధనమూ చేయదు. వేడి గింజల్లో చిక్కుకుపోతుంది, వాయువు మాత్రం సందుల గుండా కదిలి పైకి వస్తుంది. అందుకే ఎక్కడో లోపల మొదలైన గూడు సంగతి పై ఖాళీలోనో, ఫ్యాన్ వదిలే గాలిలోనో పెట్టిన ఒక్క సెన్సర్‌కు తెలుస్తుంది, ఉష్ణోగ్రత తీగ కన్నా చాలా ముందుగా తెలుస్తుంది.

బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) ప్రాంతంలో ఉంటుంది. నిల్వలో 600 లోపు ఉంటే మామూలు, 600 నుంచి 1500 మధ్య ఉంటే బూజో పురుగో మొదలైనట్టు, 1500 దాటితే తీవ్రమైనట్టు అన్నది సాధారణంగా పాటించే లెక్క. ఈ హద్దుల కన్నా వారం వారం వచ్చే మార్పుకే ఎక్కువ విలువ ఇవ్వాలి. 450 నుంచి 700కు ఎగబాకిన నిల్వ, నెలలుగా 650 వద్ద నిలిచి ఉన్న నిల్వ కన్నా అనుమానించదగినది. గాలి వీచినప్పుడు తలుపుల సందుల గుండా వాయువు పలచబడుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకే పద్ధతిలో, ఒకే చోట కొలవాలి. ఫ్యాన్‌ను కొద్ది నిమిషాలు నడిపి బయటికి వచ్చే గాలిని కొలవడం అందరికీ అందే మార్గం.

ఇది చెప్పలేని విషయాలు రెండు. గూడు ఎక్కడుందో చెప్పలేదు, పెరుగుతున్నది బూజో ముక్కుపురుగో చెప్పలేదు. ఎలాగూ వెంటనే నమూనాలు తీసి వెతకాల్సిందే కాబట్టి దీన్ని నేను పెద్ద లోపంగా లెక్కపెట్టను. పురుగుమందు పొగగా ఫాస్ఫీన్ వాడేవారు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి: ఆ వాయువు రాగిని, దాంతో చేసిన విద్యుత్ భాగాలను తినేస్తుంది, కాబట్టి పొగ పెట్టే ముందు సెన్సర్‌ను బయటికి తీయాలి.

గాలి చొరబడని సంచుల్లో నిల్వ చేసేవారికి ఈ సెన్సర్ పనికిరాదు. అక్కడ ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరగడమే పురుగును చంపే విధానం, కాబట్టి పెద్ద అంకె వచ్చినంత మాత్రాన కీడు అనుకోనక్కర్లేదు. వారు సంచి మూతి కట్టే ముందే ఆర్ద్రత కొలుచుకోవాలి.

ఉష్ణోగ్రత తీగలు

ధాన్యం వేడిని చాలా నెమ్మదిగా పంపుతుంది. తీగకు అర మీటరు దూరంలో గూడు వేడెక్కుతున్నా తీగ ఏమీ జరగనట్టే చూపించవచ్చు, తీగల మధ్య దూరమేమో సాధారణంగా కొన్ని మీటర్లు ఉంటుంది. కాబట్టి తీగలే ఏకైక కాపలాగా ఉన్న సైలో యజమాని అంకెలన్నీ బాగున్నాయని నిశ్చింతగా ఉండటానికి లేదు. అలాగని ఇవి వృథా కావు. కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ హెచ్చరించాక ఎక్కడ వెతకాలో చెప్పేది ఇవే, ఫ్యాన్ నడిపినప్పుడు చల్లదనం ఎంతవరకు చేరిందో చెప్పేదీ ఇవే. బయట వాతావరణం వేడెక్కకుండానే ఒక తీగ వారంలో 2, 3 డిగ్రీలు పెరిగితే వెంటనే అక్కడి నమూనా తీయాలి. పురుగుల వల్ల వచ్చే వేడి సాధారణంగా 42 డిగ్రీల దగ్గర ఆగుతుంది, ఎందుకంటే అంతకు మించిన వేడిలో అవి బతకలేవు. దాన్ని దాటి ఎక్కుతోందంటే కారణం బూజూ ఇతర సూక్ష్మజీవులూ.

బస్తాల దొంతరలకు తీగల బదులు ఇనుప చువ్వ చాలు. బస్తాల సందులోకి లోతుగా గుచ్చి, పావుగంట ఉంచి, బయటికి లాగి వెంటనే చేత్తో తాకితే ఏ భాగం వెచ్చగా ఉందో తెలుస్తుంది. ఇది మోటు పద్ధతే అయినా, దొంతర నడుమ ఏం జరుగుతోందో చెప్పే పద్ధతులు పెద్దగా లేవు కాబట్టి వదులుకోకూడదు.

ముక్కు, కన్ను, అతినీలలోహిత దీపం

ముక్క వాసన తగిలిందంటే బూజు ఇప్పటికే బాగా పెరిగినట్టు. పైగా గింజలను ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చడం మానుకోవాల్సిన అలవాటు. బూజు రజను పదేపదే పీల్చేవారికి ఊపిరితిత్తుల్లో దీర్ఘకాలిక అలర్జీ వ్యాధి రావచ్చు. కంటితో చూడాల్సి వస్తే గింజ మొత్తాన్ని కాకుండా మొలక మొన దగ్గర, పగిలిన చోట్ల భూతద్దంతో చూడండి. నిల్వ బూజులు చాలాసార్లు మొలక భాగాన్నే ముందు పట్టుకుంటాయి.

365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో పగిలిన మొక్కజొన్న గింజలు ఆకుపచ్చని పసుపు రంగులో మెరిస్తే ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ తాకి ఉండవచ్చని అర్థం. ఆ మెరుపు ఆఫ్లాటాక్సిన్‌ది కాదు. అదే బూజు చేసే కోజిక్ ఆమ్లం, గింజలోని ఎంజైము కలిసి ఏర్పడే పదార్థానిది. మెరిసిన ధాన్యంలో విషం లేకపోవచ్చు, మెరవని ధాన్యంలో ఉండవచ్చు, నిల్వ పాతబడేకొద్దీ మెరుపు తగ్గిపోతుంది. చవకగా దొరుకుతోంది కదా అని చాలామంది దీపం కొంటున్నారు. దాని మాట మీద ధాన్యాన్ని అంగీకరించడం గానీ తిరస్కరించడం గానీ చేయవద్దన్నదే నా సలహా.

బూజు పెంపకం, మొలక పరీక్ష

గింజల పైపొరను పలుచని బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేసి, తేమ తక్కువగా ఉండే ఆహార మాధ్యమంపై పరిచి, 25 డిగ్రీల వద్ద 5 నుంచి 7 రోజులు ఉంచితే నూటికి ఎన్ని గింజల లోపల బూజు ఉందో, ఏ రకమో తెలుస్తుంది. కంటికి మచ్చలేని ధాన్యంలో కూడా ఇది పట్టుకోగలదు. కానీ వారం ఆగాలి, రకాలను గుర్తించగలవారు కావాలి. వివాదం వచ్చినప్పుడో, ఒకే చోట పదేపదే బూజు పడుతున్నప్పుడు కారణం వెతకడానికో దీనికి వెళ్లాలి. విత్తనం నిల్వ చేసేవారికి ఇంతకన్నా దగ్గరి దారి ఉంది. బూజు మొలక భాగాన్ని ముందే దెబ్బతీస్తుంది కాబట్టి తడి కాగితంపై 100 గింజలు పరిచి నెలకోసారి మొలకలు లెక్కపెడితే, ఆ శాతం తగ్గడమే వారికి తొలి హెచ్చరిక.

విష పరీక్షలు

స్ట్రిప్‌లు నిమిషాల్లో, ఎలైజా అనే ప్రయోగశాల పరీక్ష గంటల్లో ఫలితమిస్తాయి, అంతకన్నా కచ్చితమైనవి పెద్ద ప్రయోగశాలల్లో ఉంటాయి. ఇవి ప్రాణాలకు సంబంధించిన పరీక్షలు. 2004లో కెన్యాలో ఆఫ్లాటాక్సిన్ ఉన్న మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడితే 125 మంది చనిపోయారు. బూజు చచ్చిపోయినా విషం గింజలోనే ఉంటుంది, మామూలు వంట వేడికి పూర్తిగా పోదు. కాబట్టి తొలి హెచ్చరిక కోసం ఏ సాధనం ఎంచుకున్నా, అనుమానం వచ్చిన ధాన్యాన్ని మనుషులకు గానీ పశువులకు గానీ పెట్టే ముందు ఈ పరీక్ష తప్పదు.

అయితే ఇక్కడ తప్పు ఎక్కువగా స్ట్రిప్ వల్ల రాదు, నమూనా వల్ల వస్తుంది. వేల గింజల్లో కొన్నిటిలోనే విషం విపరీతంగా పోగుపడి ఉంటుంది. ఒక బస్తా మూతి దగ్గర తీసిన దోసెడు గింజల్లో అవి లేకపోతే ఫలితం శుభ్రంగా వస్తుంది. పెద్ద సరుకుల విషయంలో యూరోపియన్ యూనియన్ నిబంధనలు 100 చోట్ల నుంచి తీసిన గింజలను కలిపి 10 కిలోల నమూనా చేయమనడం ఇందుకే. చిన్న స్థాయిలో కూడా వీలైనన్ని చోట్ల, వేర్వేరు లోతుల్లో బోలు చువ్వతో తీసి, కలిపి, మొత్తాన్నీ మెత్తగా పిండిచేసి, ఆ పిండి నుంచే పరీక్షకు తీసుకోవాలి. అనుమతించే హద్దులు దేశాన్ని బట్టి మారతాయి. మొత్తం ఆఫ్లాటాక్సిన్‌కు నేరుగా తినే తృణధాన్యాల్లో యూరోపియన్ యూనియన్ కిలోకు 4 మైక్రోగ్రాములు, ఆహారంలో అమెరికా 20 మైక్రోగ్రాములు హద్దుగా పెట్టుకున్నాయి.

ఎవరికి ఏది

ఇంటి అవసరానికి కొద్ది బస్తాలు ఉంచుకునేవారు హైగ్రోమీటర్, దాంతోపాటు నిల్వకు ముందు ఉప్పు పరీక్ష, ఈ రెండింటితో సరిపెట్టుకోవచ్చు. మిగతా ఖర్చును బాగా ఆరబెట్టడం మీద, బస్తాల కింద చెక్కలు వేయడం మీద పెట్టడం మంచిది.

గోదాములో దొంతరలు ఉన్నవారికి తేమ మీటర్ అవసరం, ఎందుకంటే వచ్చే ప్రతి బండినీ వేగంగా చూడాలి. దొంతర కట్టాక నేలను ఆనుకున్న వరుస, గోడ వైపు వరుస, పైకప్పు కింది వరుస నుంచి విడివిడిగా నమూనాలు తీసి విడివిడిగానే కొలవాలి. వాటిని కలిపి సగటు చూస్తే 16 శాతం ఉన్న అడుగు బస్తా 12 శాతం ఉన్న నడిమి బస్తాల చాటున దాక్కుంటుంది.

సైలో ఉన్నవారు కొత్తగా పెట్టుబడి పెట్టగలిగితే ముందు కార్బన్ డయాక్సైడ్ సెన్సర్‌కు, తరువాత తీగలకు పెట్టాలని నా అభిప్రాయం. తీగలు ఇప్పటికే ఉంటే తీసేయనక్కర్లేదు, చేత పట్టుకునే ఒక సెన్సర్ చేర్చుకుంటే చాలు. దాణా మిల్లులు, ధాన్యం కొని వెంటనే వాడేవారి పరిస్థితి వేరు. వారి దగ్గర ధాన్యం ఎక్కువ రోజులు నిలవదు, గతం తెలియదు. కాబట్టి తొలి హెచ్చరిక సాధనాల కన్నా నమూనా తీసే పద్ధతి మీద, విష స్ట్రిప్‌ల మీద ఖర్చు పెట్టడమే వారికి సరైనది.

హెచ్చరిక వచ్చాక

ఒక్క అంకె చూసి కంగారుపడకుండా అదే రోజు మళ్లీ కొలవండి, రెండోసారి కూడా అలాగే వస్తే అదే రోజు పని మొదలుపెట్టండి. పొడిగా ఉన్న గాలి వీచే గంటల్లోనే ఫ్యాన్ నడపాలి, తేమగాలిని లోపలికి తోస్తే ఉన్న సమస్య పెరుగుతుంది. తడి భాగాన్ని వేరుచేసి ఆరబెట్టాలి, మంచి ధాన్యంలో కలిపి సగటు తగ్గించే ప్రయత్నం చేయకూడదు. ఆ పని చేసేవారు రజను ఆపే మాస్క్ పెట్టుకోవాలి. సైలోలో పైపొర గడ్డకట్టి ఉంటే దాని కింద ఖాళీ ఏర్పడి ఉండవచ్చు, మనిషి బరువుకు అది విరిగితే క్షణాల్లో గింజల్లో కూరుకుపోతారు. లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 40,000 పీపీఎంకు చేరితే ప్రాణాపాయంగా లెక్కిస్తారు. అందువల్ల నమూనా కోసమైనా, గడ్డ పగలగొట్టడానికైనా ఎవరూ ఒంటరిగా సైలోలోకి దిగకూడదు. బయటి నుంచి పొడవాటి చువ్వతో చేయగలిగినంత చేసి, మిగతాది కింది ద్వారం గుండా ధాన్యాన్ని ఖాళీచేశాకే చూడాలి.